మత్తు సంగతి తర్వాత.. ముందు ఫిట్స్ మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మా వారికి 41 ఏళ్లు. మెదడులో ఎడమవైపు, మాటకు సంబంధించిన భాగం పక్కనే గడ్డ ఉందని, మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తామని అన్నారు. ఆయనకు కోడిగుడ్డు పడదు. పన్ను పీకేటప్పుడు ఇచ్చిన ఇంజెక్షన్‌కు గుండె దడ, చెమటలు వచ్చాయి. ఫిట్స్‌కు ఇచ్చిన ఫెనిటాయిన్‌తో ఒళ్లంతా దద్దుర్లు రావడంతో వారం కిందట మానేసి, మెడికల్ షాపులో అడిగి సిట్రిజిన్ వేసుకుంటున్నారు. ఏ మత్తుమందు మంచిది? ప్రొపోఫాల్ వద్దని చెప్పాలా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీరు మత్తు గురించి అడిగారు కానీ, నాకు కంగారుగా ఉన్నది ఆ దద్దుర్ల విషయం. ఫెనిటాయిన్ ఆపడం సరే. దాని బదులు ఇంకో మందు లేకుండా వారం రోజులు ఎలా ఊరుకున్నారమ్మా? గడ్డ ఉన్న మనిషికి ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. ఇవాళే న్యూరో డాక్టర్‌కు చూపించండి. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం మీద పొక్కులు.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. ఫెనిటాయిన్ మళ్లీ ముట్టుకోవద్దు. కార్బమజెపిన్ అనే ఇంకో ఫిట్స్ మందుతోనూ ఇలాగే దద్దుర్లు రావచ్చు. లెవెటిరాసెటామ్ లాంటిది పనికొస్తుందేమో వాళ్లు చూసి రాస్తారు. షాపులో అడిగి కొనే మందు కాదిది.

ఆపరేషన్‌కూ దీనికీ సంబంధం ఉంది. మాటకు సంబంధించిన భాగం ఎక్కడుందో తెలుసుకోవడానికి మెదడు మీద కొద్దిగా కరెంటు పెట్టి, బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటారు. ఆ కరెంటుకు ఫిట్స్ వస్తే చల్లటి సెలైన్ పోసి ఆపుతారు. ఆగకపోతే మాట్లాడించడం కుదరదు, పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

ఇక మత్తు. మెదడుకు నొప్పి తెలియదు, నొప్పంతా తల చర్మానికి, మెదడును కప్పి ఉండే పొరకే. అందుకే తల చుట్టూ నరాల దగ్గర ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షనే ఇందులో ముఖ్యం. బుపివకైన్, రోపివకైన్ లాంటివి వాడతారు. మీవారికి పన్ను దగ్గర వచ్చిన దడ, ఇంజెక్షన్‌లో కలిపే అడ్రినలిన్ వల్ల కావచ్చు. ఈ మందులకు అసలైన అలర్జీ చాలా అరుదు. అయినా ఉత్తరం చదివి తేల్చేసే విషయం కాదు, అవసరమైతే చర్మపరీక్ష చేస్తారు. సిట్రిజిన్ వాడుతుంటే ఆ పరీక్ష తప్పుగా రావచ్చు, ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి.

ప్రొపోఫాల్‌లో ఉండేది గుడ్డు పచ్చసొన నుంచి తీసిన లెసిథిన్ అనే కొవ్వు పదార్థం. గుడ్డు పడనివారిలో ఎక్కువమందికి తెల్లసొన ప్రొటీన్‌తోనే ఇబ్బంది కాబట్టి, చాలామందికి ఈ మందు ఇస్తూనే ఉన్నారు. గుడ్డు తిని ఊపిరాడక ఆస్పత్రి దాకా వెళ్లి ఉంటే అది తప్పక చెప్పండి. డెక్స్‌మెడిటోమిడిన్ అనే ఇంకో మత్తుమందు ఇస్తే పిలవగానే పలుకుతారు, శ్వాస పెద్దగా తగ్గదు, కానీ గుండె వేగం, బీపీ పడిపోవచ్చు. ఏది ఇవ్వాలన్నది ఆయన్ని చూసి మత్తు డాక్టరే తేల్చాలి.

నిజానికి ఆపరేషన్ థియేటర్‌లో వచ్చే తీవ్రమైన అలర్జీలకు యాంటీబయోటిక్‌లు, చర్మం తుడిచే క్లోర్‌హెక్సిడిన్, రబ్బరు గ్లోవ్స్ కూడా కారణమవుతుంటాయి. వాటి గురించి ఎవరూ అడగరు. ‘ఏదో ఇంజెక్షన్ పడలేదండీ’ అంటే మాకు ఏమీ తెలియదు. మందు పేరు, ఎంతసేపటికి ఏమైంది, ఎలా తగ్గింది.. ఒక కాగితం మీద రాసి, పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్‌లతో సహా మత్తు డాక్టర్ చేతికివ్వండి. ఆపరేషన్ రోజు పొద్దున కాదు, ముందే.