ఎంత దూరంలో?

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

పెద్ద నక్షత్రం పేలిపోగా మిగిలే అతి సాంద్రమైన గోళాలు, ఆ న్యూట్రాన్ నక్షత్రాల మీద నీవు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. అయితే మూడో పుటలో, ‘ఊహకందని వేగంతో తిరగడం వల్లనే ఈ నక్షత్రానికి అంత భయంకరమైన ఆకర్షణ వచ్చింది’ అని రాశావు చూడు, ఆ వాక్యమే నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నది.

లెక్క వేసి ఉంటే ఆ వాక్యం నీ కలం నుంచి వచ్చేది కాదు. సూర్యుడికి 1.4 రెట్ల ద్రవ్యరాశి, 12 కిలోమీటర్ల వ్యాసార్ధం తీసుకో. అంటే నక్షత్రం ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు కడప నుంచి ఒంటిమిట్టకు ఉన్నంత దూరం. దాని ఉపరితలం మీద గురుత్వ త్వరణం, న్యూటన్ సూత్రం ప్రకారమే, భూమి మీద ఉన్నదానికి సుమారు 13 వేల కోట్ల రెట్లు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతపు సవరణ కలిపితే అది ఇంకో నాలుగో వంతు దాకా పెరుగుతుంది. ఇంతవరకు భ్రమణం ఊసే రాలేదు. ఇప్పుడు నక్షత్రాన్ని తిప్పి చూడు. టెర్జాన్ 5 అనే నక్షత్ర గుచ్ఛంలో సెకనుకు 716 సార్లు తిరిగే పల్సార్, అంటే తిరుగుతూ క్రమం తప్పక రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రం, ఒకటి ఉంది. అదే వేగంతో మన నక్షత్రం తిరిగితే, న్యూటన్ లెక్కన, మధ్యరేఖ దగ్గర ఆకర్షణలో అయిదో వంతు అపకేంద్ర ప్రభావానికే పోతుంది. భ్రమణం అక్కడ బరువును తగ్గిస్తుందే గాని పెంచదు.

‘ఊహకందని’, ‘వర్ణనాతీతమైన’, ‘అద్భుతమైన’ అనే మాటలు నీ వ్యాసం నిండా ఉన్నాయి. నక్షత్ర కేంద్రం నుంచి ఎంత దూరంలో సంగతి చెబుతున్నావో మాత్రం ఒక్కచోటా లేదు. కక్ష్యల గురించి రాసేవాడు ప్రతి వాక్యానికీ ముందు ‘ఎంత దూరంలో?’ అని తననే నిలదీసుకోవాలన్నది నా పట్టుదల, చాదస్తమనుకున్నా సరే. పది లక్షల కిలోమీటర్ల దూరంలో తిరిగే వస్తువుకు, మరీ సూక్ష్మమైన కొలతలు కావాలంటే తప్ప, న్యూటన్ చాలు. కేంద్రానికి 20 కిలోమీటర్ల దూరంలో అయితే, దూరాన ఉన్న గడియారం లెక్కన, అది సెకనుకు సుమారు 770 చుట్లు తిరుగుతుంది. వేగం కాంతి వేగంలో మూడో వంతుకు చేరువలో ఉంటుంది. ఇంకా లోపలికి వస్తే, భ్రమణం లేని అదే ద్రవ్యరాశికి, 12.4 కిలోమీటర్ల లోపల స్థిరమైన వృత్తాకార కక్ష్య అనేదే ఉండదు. న్యూటన్‌ను అడిగితే, ఉపరితలాన్ని ఒరుసుకుంటూ కూడా తిరగవచ్చునంటాడు.

భ్రమణం చేసే అసలు పని ఇక్కడే ఉంది. నక్షత్రం తనతోపాటు స్థలకాలాన్ని కూడా కొంత లాగుకొని తిరుగుతుందని 1918లోనే లెన్స్, థిరింగ్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ లాగుడు వల్ల వాలుగా ఉన్న కక్ష్యాతలం మెల్లగా తిరుగుతుంది. నక్షత్రం తిరిగే దిక్కునే తిరిగే వస్తువు సాధారణంగా ఇంకాస్త దగ్గరగా స్థిరపడగలదు, ఎదురు దిక్కున తిరిగేది దూరంగా జరగవలసి వస్తుంది. దూరం రెట్టింపయితే ఆకర్షణ నాలుగో వంతుకు తగ్గుతుంది, ఈ లాగుడు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దూరం చెప్పకుండా ఈ రెంటినీ ఎట్లా పోలుస్తావు నాయనా?

అంకెలు పాఠకులను బెదరగొడతాయని నీకు ఎవరో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. 1993లో హల్స్, టేలర్ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చినప్పుడు, 7.75 గంటలకొకసారి తన జంట నక్షత్రాన్ని చుట్టివచ్చే, వారు కనుక్కొన్న పల్సార్ గురించి, లాగరిథం పట్టికలు ముందేసుకొని రాత్రులు కూర్చొని ఒక వ్యాసం రాశాను. ఆ కక్ష్యలో జంటకు అతి దగ్గరగా వచ్చే చోటు ఏడాదికి 4.2 డిగ్రీలు జరుగుతుంది; న్యూటన్‌కు అంతుబట్టని బుధుడి కక్ష్య జరుగుడు నూరేళ్లకు 43 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) మాత్రమే. రెంటికీ తేడా 35 వేల రెట్లు. ఆ పత్రికా సంపాదకుడు అంకెలన్నీ కొట్టేసి, ‘కక్ష్య కొద్దిగా కదులుతుంది’ అని అచ్చు వేయించి, పక్కన మిలమిలలాడే బొమ్మ పెట్టాడు. పారితోషికం ఇవ్వలేదన్న బాధ మరిచిపోయాను గాని, ఆ ‘కొద్దిగా’ను ఈనాటికీ క్షమించలేదు.

ఇంకొక మాట. వ్యాసం చివర గణితజ్ఞుడు కెర్ 1963లో కనుక్కొన్న సమీకరణాన్ని దించావు. అది తిరిగే కృష్ణబిలానికి సరిగ్గా వర్తిస్తుంది. న్యూట్రాన్ నక్షత్రం నడుము దగ్గర ఎంత ఉబ్బుతుందో లోపలి పదార్థాన్నిబట్టి ఉంటుంది కాబట్టి, వేగంగా తిరిగే నక్షత్రానికి దగ్గరగా ఆ లెక్క తప్పుతుంది. మెల్లగా తిరిగేవాటికి హార్టిల్, థోర్న్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1968లో ఒక పద్ధతి ఇచ్చారు, దానితో మొదలుపెట్టు.

నీవు అడిగిన కలం పేరు సంగతి తరవాత చూద్దాం. వ్యాసం తిరగరాసి పంపేటప్పుడు, లెక్క వేసిన చిత్తు కాగితాలు కూడా జతచెయ్యి. ముందు వాటినే చదువుతాను.