నీ వ్యాసంలోని చివరి నాలుగు పేజీలు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన 44 పేజీల వ్యాసం అందింది. నోయిడాలోని జలవాయు విహార్‌లో 2008 మే 15 రాత్రి ఆరుషి తల్వార్, ఆ ఇంట్లో పనిచేసే హేమ్‌రాజ్ హత్యకు గురైన ఉదంతం మీద రాసిన ఆ వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటి 40 పేజీలు చదువుతున్నంతసేపూ నీకు రాయడం వచ్చిందని సంతోషించాను. చివరి నాలుగు పేజీల్లో మాత్రం నువ్వు హంతకులెవరో పేరు పెట్టి చెప్పావు. ఈ ఉత్తరం ఆ నాలుగు పేజీల గురించే.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. అది దాచిపెట్టి నీకు సలహా ఇచ్చే అర్హత నాకు లేదు. ఆ రోజుల్లో నేను ఒక పత్రికలో ప్రతి శనివారం ఒక శీర్షిక రాసేవాణ్ణి. మే 16, శుక్రవారంనాడు, పదమూడేళ్ల అమ్మాయి తన గదిలో మంచం మీద చనిపోయి కనిపించిందనీ, ఇంట్లో పనిచేసే నేపాలీ మనిషి కనిపించడం లేదనీ వార్త వచ్చింది. పోలీసులు అతని ఆచూకీకి 20,000 రూపాయల బహుమతి ప్రకటించి, నేపాల్ పారిపోయి ఉంటాడని వెతకసాగారు. ఆ సాయంత్రం నేను 'ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అన్న సామెతనే మకుటంగా పెట్టి, ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసిన మనిషిని గురించి వ్యాసం రాసి పంపాను. శనివారంనాడు పాఠకులు ఆ వ్యాసాన్ని చదువుకుంటున్న రోజునే, అదే భవనం మేడ మీద, తాళం వేసిన తలుపు అవతల హేమ్‌రాజ్ శవం దొరికింది. ముందురోజు ఆ తలుపు దగ్గర రక్తపు మరకలు కనిపించినా, దాన్ని ఎవరూ తెరిపించలేదు. నేను హంతకుడని రాసిన మనిషి, నేను రాస్తున్న సమయానికి, మే నెల ఎండకు ఎండిన మేడ మీద శవమై పడి ఉన్నాడు.

అంతటితోనైనా నేను ఆగలేదు. వారం తిరిగేసరికి, మే 23న, ఆరుషి తండ్రి డాక్టర్ రాజేశ్ తల్వార్‌ను అరెస్టు చేశారు. విలేకరుల సమావేశంలో మీరట్ జోన్ ఐజీ, చనిపోయిన అమ్మాయి పేరునైనా సరిగా పలకకుండా 'శ్రుతి' అంటూ, ఆమె నడవడి మీదా ఆమె తండ్రి నడవడి మీదా ఊహలు అల్లి, అవే హత్యకు కారణాలని చెప్పారు. ఆ మరునాడు ఆమెకు 14 ఏళ్లు నిండవలసిన రోజు. సరిగ్గా ఆ శనివారం నా శీర్షికలో నేను ఆ ఊహలనే మరింత అందమైన తెలుగులో తిరగరాశాను. అప్పుడు కేంద్రంలో మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రిగా ఉన్న ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి, చనిపోయిన పసిపిల్ల శీలాన్ని వీధికెక్కించారని పోలీసుల మీద ఆగ్రహించారు. ఆ మాటలు చదివిన తరువాత గాని, ఆ నింద పోలీసులతో పాటు నాకూ చెందుతుందని నాకు తోచలేదు.

ఇప్పుడు నీ పేజీలకు వస్తాను. ఆ ఒక్క రాత్రికి అధికారం చేతిలో ఉన్నవాళ్లే తొమ్మిదేళ్లలో ఎన్ని కథలు చెప్పారో నువ్వే వరుసగా రాశావు. మొదటి రోజు హేమ్‌రాజ్ హంతకుడు. వారానికి తండ్రి హంతకుడు. కేసు సీబీఐ చేతికి వెళ్లాక, తొలి బృందం దృష్టి తల్వార్ల క్లినిక్‌లో పనిచేసే సహాయకుడి మీదకూ, మరో ఇద్దరు పనివాళ్ల మీదకూ మళ్లింది. వాళ్లను అరెస్టు చేశారు, అభియోగపత్రం వేయలేక వదిలిపెట్టారు. రెండో బృందం 2010 డిసెంబరులో, తండ్రి మీద అనుమానం ఉంది గాని నిరూపించే ఆధారాలు లేవంటూ కేసు మూసివేయమని నివేదిక ఇచ్చింది. ఘజియాబాద్ కోర్టు 2011 ఫిబ్రవరిలో దాన్ని తోసిపుచ్చి తల్లిదండ్రులిద్దరినీ నిందితులుగా పిలిచింది, 2013 నవంబరులో యావజ్జీవ శిక్ష వేసింది. 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ తీర్పు మీద సీబీఐ, హేమ్‌రాజ్ భార్య సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇదంతా నువ్వు 40 పేజీల్లో ఓపికగా చెప్పి, 41వ పేజీలో 'కాబట్టి' అన్న మాటతో మొదలుపెట్టావు. ఆ 'కాబట్టి'కి ముందున్న 40 పేజీల్లో ఆధారమేమీ నాకు కనిపించలేదు.

కథ రాయగలిగినవాడికి ఇటువంటి కేసులో మిగతావాళ్లకన్నా ప్రమాదం ఎక్కువ. ఖాళీ కనిపిస్తే మన చేయి ఊరుకోదు. రెండు వాస్తవాల మధ్య మూడోది లేకపోతే వాక్యం కుంటుతున్నట్టు అనిపించి, ఆ కుంటును సరిచేయడానికి ఒక ఊహను తెచ్చి పెడతాము. అది బాగా కుదిరిందన్న కారణంతోనే నిజమని మనమే మొదట నమ్ముతాము. హైకోర్టు తీర్పును పూర్తిగా చదివావా? విడిగా రాసిన అభిప్రాయంలో ఒక న్యాయమూర్తి, శిక్ష వేసిన కింది కోర్టు కొన్ని అంకెలను ముందే అనుకుని లెక్క చేసే గణితోపాధ్యాయుడిలా, చెదిరిన సంగతులను దృశ్యాలుగా కూర్చే సినిమా దర్శకుడిలా వ్యవహరించిందని తప్పుపట్టారు. న్యాయమూర్తికే పనికిరాదన్న ఆ పనిని నీ నాలుగు పేజీల్లో నువ్వు చేశావు. ఆ రాత్రి గదిలో ఎవరు ఏమన్నారో సంభాషణలు కూడా రాశావు. ఆ మాటలు విన్నవాళ్లు ఈ భూమి మీద ఎవరున్నారు?

ఒక చిన్న వస్తువు సంగతి చూడు. దీనికి మన హైదరాబాదుతో సంబంధం ఉంది. కేసులోని వస్తువులను పరీక్షకు హైదరాబాదులోని డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్ కేంద్రానికి, అంటే సీడీఎఫ్‌డీకి పంపారు. క్లినిక్ సహాయకుడి గదిలో దొరికిన దిండు గలీబు మీద హేమ్‌రాజ్ డీఎన్ఏ ఉందని 2008 నవంబరు నివేదికలో ఉంది. ఆ సంగతి సంవత్సరాల తరువాత బయటపడినప్పుడు, అది టైపు పొరపాటు, రెండు గలీబుల వివరాలు తారుమారయ్యాయి అని 2011లో ఆ కేంద్రమే వివరణ ఇచ్చింది. ఆ వివరణను నమ్మితే కథ ఒకవైపు నడుస్తుంది, నమ్మకపోతే మరోవైపు నడుస్తుంది. ఒక వరుసలో అక్షరాలు మారితే ఒక కుటుంబం మీది అనుమానం తేలికపడి, ఒక పేద యువకుడి మీద బరువెక్కుతుంది. ఆ వరుసను తిరిగి మారిస్తే బరువు వెనక్కి వస్తుంది. నువ్వు ఈ గలీబును ఒకే వాక్యంలో, నీ కథకు అనుకూలమైన పక్షాన, ఏ సందేహమూ లేకుండా రాశావు. అదే ఇంకొకరు రెండో పక్షాన రాసి, అంతే గట్టిగా ఒప్పించగలరు.

తలుపు సంగతీ అటువంటిదే. బయటి నుంచి ఎవరూ రాలేదనీ, లోపల ఉన్న నలుగురిలో ఇద్దరు పోతే మిగిలినవాళ్లే చేసి ఉండాలనీ వాదన నడిచింది. 'మిగిలింది ఇద్దరే కదా' అని నువ్వు కూడా రాశావు. కాని హేమ్‌రాజ్ గదికి ఇంట్లోకి ఒక ద్వారం, బయటికి ఒక ద్వారం ఉన్నాయి. ఆ ఉదయం గ్రిల్ తలుపు తెరుచుకుందా లేదా అన్నది పనిమనిషి మాట మీద ఆధారపడింది. ఆమె, తనకు ఏం చెప్పమన్నారో అదే చెబుతున్నానని కోర్టులోనే అన్నది. బయటివారు రాలేదని తేలనప్పుడు ఇంట్లోవాళ్లే సంజాయిషీ చెప్పాలనడం న్యాయం కాదు. 2024 దాకా అమల్లో ఉన్న సాక్ష్య చట్టంలోని 106వ సెక్షన్ గురించి నువ్వు రాసిన పేరా ఈ చిన్న సంగతి మీద తలకిందులవుతుంది: తనకు మాత్రమే తెలిసిన విషయాన్ని నిందితుడు వివరించాలని ఆ సెక్షన్ అనేది గాని, నేరాన్ని నిరూపించే బాధ్యతను ప్రాసిక్యూషన్ భుజం మీద నుంచి దించేది కాదు.

నార్కో పరీక్షల్లో ఎవరో ఏదో అన్నారని 43వ పేజీలో రాసిన భాగాన్ని పూర్తిగా తీసెయ్యి. మందు మత్తులో ఉన్న మనిషి మాటలు టీవీల్లో ప్రసారమైనంత మాత్రాన అవి సాక్ష్యం కావు. ఇష్టం లేని మనిషికి ఆ పరీక్ష చేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010 మేలో తేల్చింది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన వాక్యం మాత్రం 42వ పేజీలో ఉంది: 'టీవీ ఇంటర్వ్యూలో ఆ తల్లి కంట ఒక్క చుక్క నీరు రాలేదు.' డాక్టర్ నూపుర్ తల్వార్ ముఖాన్ని చూసి తీర్పు చెప్పినవాళ్లు ఆనాడు దేశమంతటా ఉన్నారు. మా నాన్న పోయిన రోజున మా అమ్మ ఏడవలేదు. పెరట్లోకి వెళ్లి గేదె పాలు పితికి, దూడను కట్టేసి వచ్చి, శవం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. శోకాలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లు ఆమెను చూసి చెవులు కొరుక్కోవడం నేను విన్నాను. నెలలు గడిచాక, వడ్లు తూర్పారబడుతూ ఒకనాడు, చేట కింద పెట్టి సాయంత్రందాకా ఏడ్చింది. అప్పుడు చూడటానికి ఎవరూ లేరు. ముఖం మీది నీళ్లను బట్టి మనసులోని దుఃఖాన్ని కొలవకూడదని రచయితకు ఇంకొకరు చెప్పవలసిన అవసరం ఉండకూడదు.

తేలని కేసులో ఊహ తప్పో ఒప్పో తెలియదు కనుక ఊహించేవాడికి సిగ్గుపడే అవసరం రాదు. అందుకని, తేలిన కేసు ఒకటి చెబుతాను. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని మాస్కో పట్టణంలో, 2022 నవంబరు 13 తెల్లవారుజామున, ఒక అద్దె ఇంట్లో నలుగురు విద్యార్థులు హత్యకు గురయ్యారు. పోలీసులు నిందితుడిని పట్టుకునేందుకు ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో ఇంటర్నెట్‌లో ఎందరో తమను తాము దర్యాప్తు అధికారులనుకున్నారు. పొరుగింటి మనిషిని అనుమానించారు, ఒక అమ్మాయి మాజీ స్నేహితుడిని అనుమానించారు, ఆ రాత్రి వాళ్లు తిండి కొనుక్కున్న బండి దగ్గర వీడియోలో కనిపించిన పాపానికి ఒక యువకుడిని అనుమానించారు. టారో కార్డులతో జోస్యం చెప్పే ఒకావిడ, ఆ విశ్వవిద్యాలయంలోని చరిత్ర ఆచార్యురాలే ఈ హత్యలు చేయించిందని వరుసగా వీడియోలు పెట్టింది. చివరికి కత్తి ఒర గుండీ మీద దొరికిన డీఎన్ఏ, ఒక తెల్ల కారు, ఫోన్ రికార్డులు దర్యాప్తును మరొక మనిషి దగ్గరికి తీసుకెళ్లాయి. అతను 2025 జులైలో నేరం ఒప్పుకున్నాడు. వాళ్లు పేరు పెట్టి నిందించిన ఆ మనుషుల్లో అతను లేడు. ఆ ఆచార్యురాలు కోర్టుకు వెళ్లింది, ఆ వీడియోలు ఆమె పరువుకు నష్టం కలిగించాయని కోర్టు తేల్చింది. కాని ఆమె పేరు వెతికితే ఆ హత్యల ప్రస్తావన ఇంకా వస్తూనే ఉంటుంది.

'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు' అని మన పెద్దలు చెప్పుకున్నారు. అయినా ఈ కేసు మీద రాయవద్దని నేను అనడం లేదు. రాయడానికి చాలా ఉంది, దానికి హంతకుడి పేరు అక్కర్లేదు. మొదటి ఉదయం ఆ ఇంట్లోకి ఎందరో వచ్చి తిరిగి, వేలిముద్రలూ మరకలూ తొక్కిపోయిన సంగతి నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. ఈ కేసు తేలకపోవడానికి పెద్ద కారణం అదే, దాని మీద పది పేజీలు రాయవచ్చు. దర్యాప్తు సంస్థలు ఒక అనుమానం నుంచి మరో అనుమానానికి ఎలా మారాయో, మారినప్పుడు వెనక వదిలేసినవాళ్ల బతుకులు ఏమయ్యాయో రాయవచ్చు. తిరగరాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన, అది నీకు ఎక్కడి నుంచి తెలిసిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకో: తీర్పు నుంచా, నివేదిక నుంచా, ఎవరో అన్న మాట నుంచా, నీ మనసులో నుంచా. చివరి రకానికి చెందినవన్నీ కొట్టెయ్యి. కొట్టేశాక వ్యాసంలో గుంటలు మిగులుతాయి. వాటిని అలాగే ఉంచి, ఇక్కడ మనకు తెలియదని పాఠకుడికి నేరుగా చెప్పు.

ఇంకొకటి. నీ 44 పేజీల్లో ఆరుషి పేరు ప్రతి పేజీలోనూ ఉంది. హేమ్‌రాజ్ పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు. మిగతా చోట్ల అతను 'పనివాడు', 'నౌకరు'. నేపాల్‌లో ఇల్లూ భార్యాబిడ్డలూ వదిలి, ఒక డాక్టర్ల ఇంట్లో వండి పెట్టి, ఆ గదిలో పడుకున్న 45 ఏళ్ల మనిషి అతను. హత్యకు గురైన ఇద్దరిలో ఒకడు. చనిపోయిన తరువాత ఒక రోజంతా దేశం అతన్ని హంతకుడంది, ఆ మాటను వెనక్కి తీసుకున్న రోజున అతని గురించి మాట్లాడటమే మానేసింది. నేనూ మానేశాను. నా రెండో వ్యాసంలో అతనికి క్షమాపణ చెప్పే వాక్యం ఒక్కటి కూడా లేదు.

ఆ రెండు వ్యాసాల కత్తిరింపులూ ట్రంకుపెట్టెలో దొరికాయి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కాగితం పసుపెక్కింది, మడతల దగ్గర జాగ్రత్త. మొదటిదానిలో నాలుగో పేరా, రెండోదానిలో చివరి పేరా చదివి, వాటి పక్కన నీ 41వ పేజీ పెట్టి చూడు. చూశాక నాకు తిప్పి పంపు, నేను వాటిని పారేయను.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు