ఎలైసా నేర్చుకుంటే వెనకబడినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి ఏడాది. ప్రాజెక్టులో ఎలైసా (శాంపిల్‌లో ఒక ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పరీక్ష) చేస్తోంది. అది పాతబడిందట, ఒకేసారి ముప్ఫై సైటోకైన్లు (రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రోటీన్లు) కొలిచే మల్టీప్లెక్స్ మిషన్ కోర్సు చేస్తేనే ఉద్యోగమట. రెండు రోజుల కోర్సు ఒకటుంది. చేర్పించమంటారా? రెంటికీ తేడా ఏమిటి?
- ఒక తండ్రి

జవాబు: అమ్మాయి ఎక్కడా వెనకబడలేదండీ. మల్టీప్లెక్స్ లోపల ఉన్నదీ ఎలైసా సూత్రమే. ఎలైసాలో ప్లేటు అడుగున పట్టించే యాంటీబాడీని (కావలసిన ప్రోటీన్‌ను పట్టుకునే అణువుని) ఇక్కడ ఆరున్నర మైక్రాన్ల అయస్కాంత పూసల మీద పట్టిస్తారు, అంతే. పూసలో కలిపిన రంగుల పాళ్లను బట్టి ఆ పూస ఐఎల్-6 అనే సైటోకైన్‌దా, టీఎన్ఎఫ్-ఆల్ఫా అనేదాందా అని మిషన్ పోల్చుకుంటుంది. ఆపైన బయోటిన్ తగిలించిన రెండో యాంటీబాడీ, ఆ బయోటిన్‌కు అతుక్కుని వెలిగే స్ట్రెప్టావిడిన్-ఫైకోఎరిత్రిన్ అనే రంగు. ఆ వెలుగును బట్టి ప్రోటీన్ లెక్క. ఎలైసాలో ఒక్క ప్రోటీన్‌కే వెల్‌కి (ప్లేటులోని ఒక్కో గుంటకి) 50 నుంచి 100 మైక్రోలీటర్ల శాంపిల్ పోతుంది. ఇక్కడ 25 మైక్రోలీటర్లతోనే పాతిక ముప్ఫై తేలతాయి. పసిపిల్లల రక్తంలాంటి శాంపిళ్లకు అది వరమే.

ఈ మోజు మీద నా అనుమానం వేరు. ముప్ఫై అంకెలు వచ్చినంత మాత్రాన ముప్ఫై నిజాలు వచ్చినట్టు కాదు. శాంపిల్‌ను ఎంత పలచన చేయాలో ఒక్కో ప్రోటీన్‌కు ఒక్కో లెక్క. అన్నిటికీ ఒకే డైల్యూషన్ పెడితే ఐఎల్-8 కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసుకున్న కొలత గీత) పైకి దాటిపోతుంది, ఐఎల్-4 అడుగునే ఉండిపోతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఏదో అంకె ఇచ్చేస్తుంది! రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతం ఉన్నవాళ్లలో తరచూ కనిపించే యాంటీబాడీ) ఉన్న సీరమ్‌లో అది రెండు యాంటీబాడీలనూ తనే కలిపేసి, లేని సైటోకైన్లను ఉన్నట్టు చూపిస్తుంది. పూసలను సరిగా వోర్టెక్స్ చేయకపోతే (మిషన్ మీద గిరగిరా కలపకపోతే) ముద్దకడతాయి. ప్లేటు మ్యాగ్నెట్ మీద సరిగా కూర్చోకుండానే వంపేస్తే పూసలు సింకులోకి పోతాయి. ఒక్కో రకం పూసలు 50 కూడా లెక్కకు రాకపోతే ఆ అంకెను నమ్మకూడదు. వెలుతురులో వదిలేస్తే రంగే పోతుంది.

ఇవి పట్టుకునే కన్ను ఎలైసాతోనే వస్తుంది. మిల్లీలీటరుకు 10,000 పికోగ్రాముల స్టాండర్డ్‌ను (మోతాదు ముందే తెలిసిన ద్రావణాన్ని) నాలుగేసి రెట్లు పలచన చేస్తూ 2,500, 625, 156, 39, 9.8, 2.4 దాకా తన చేత్తో దించనివ్వండి. ఒకే శాంపిల్ వేసిన రెండేసి వెల్స్ మధ్య సీవీ (రీడింగుల్లో తేడా) 15 శాతం లోపు ఉందా? తెలిసినంత ప్రోటీన్ కలిపితే 80 నుంచి 120 శాతం తిరిగి లెక్కకు వస్తోందా? మిషన్ పేరు ఇంత శ్రద్ధగా కనుక్కున్నారు, ఈ మాట అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా? ఎవరో ఏదో అన్నారని పిల్ల చేస్తున్న పనిని ఇంట్లోనే చులకన చేస్తే ఎలా? ఈ రెండూ కుదిరిన చేతికి మిషన్ అలవాటు కావడానికి ఎంతో కాలం పట్టదు.

కోర్సు వద్దనడం లేదు. డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు వేయండి: ప్లేటు మొత్తం తనే వేస్తుందా? పూసల లెక్కలున్న అసలు ఫైలు చేతికిస్తారా? ‘డెమో చూపిస్తాం’ అంటే కట్టకండి.