వాజులో పెట్టిన పూలు రెండు రోజులకే ఎందుకు వాడిపోతాయి?

నీళ్ళు నిండుగా ఉన్నా పూలు తల వాల్చేస్తున్నాయంటే, చాలాసార్లు ఆ నీళ్ళు పైకి ఎక్కడం లేదనే అర్థం. కాడ అడుగుభాగాన్ని ఒకసారి వేళ్ళతో తడిమి చూడండి. జారుడుగా, జిగటగా తగులుతుంది. అది బ్యాక్టీరియా. కాడలో నీరు ఎక్కే సన్నటి గొట్టాలను పూడ్చేసేది అదే. కోసినప్పుడు లోపలికి చేరే గాలి బుడగలు కూడా దారికి అడ్డుపడతాయి.

అందుకే వాజును సబ్బుతో కడిగి, కాడల చివర్లు 2, 3 సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి వెంటనే నీళ్ళలో పెట్టండి. కత్తి పదునుగా ఉండాలి, మొద్దు కత్తెర గొట్టాలను నలిపేస్తుంది. నీటిలో మునిగే ఆకులన్నీ తీసేయండి, ముందు కుళ్ళేది అవే. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చి, ప్రతిసారీ చివర్లు కొంచెం కోయండి. నన్నడిగితే మిగతా చిట్కాలన్నిటికంటే ఇదే ముఖ్యం.

చక్కెర వేయమంటారు చాలామంది. అది పువ్వుకు ఆహారమే, కానీ ఒక్కటే వేస్తే బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. లీటరు నీటికి ఒక టీస్పూను చక్కెర, రెండు టీస్పూన్ల నిమ్మరసం, రెండు మూడు చుక్కల బ్లీచ్ చాలు. బ్లీచ్‌ను నిమ్మరసంలో నేరుగా కలపకండి, నీళ్ళలోనే వేయండి.

ఎండ, ఫ్యాన్ గాలి తగలకూడదు. పండ్ల బుట్ట పక్కన అసలు పెట్టొద్దు. మాగే అరటిపండ్లు, ఆపిల్స్ విడిచే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్ల లాంటివి త్వరగా ముడుచుకుపోతాయి.

గులాబీ అప్పుడే తల వాల్చిందా? పారేయకండి. కాడ మళ్ళీ కోసి, పువ్వుతో సహా గంటసేపు నీళ్ళలో పడుకోబెట్టండి. చాలావరకు తేరుకుంటుంది.