పరంజాకు సాగే బ్రేసింగ్ పైపులు సొంతంగా చేయించుకోవచ్చా?

కావలిలో కప్‌లాక్ (నిలువు పైపులకున్న కప్పుల్లో అడ్డ పైపులు బిగించే పరంజా) సామాను అద్దెకు ఇస్తున్న మిత్రులు అడిగిన ప్రశ్న ఇది. ఒక్కో బే (రెండు నిలువు పైపుల మధ్య దూరం) కొలతకు ఒక్కో ఏటవాలు పైపు నిల్వ ఉంచుకోవడం భారంగా ఉంది. అందుకని 40 ఎన్‌బీ (నామినల్ బోర్, అంటే పైపు సైజు పేరు) పైపులో 32 ఎన్‌బీ పైపు జారేట్టు పెట్టి, పిన్నుతో బిగించి, 1.5 మీటర్ల నుంచి 3 మీటర్ల దాకా సాగే ఒకే రకం పైపు చేయించుకోవచ్చా? హైదరాబాదు నుంచి తెచ్చుకున్న నమూనాను ఉన్నది ఉన్నట్టు దించుకుంటే సరిపోతుందా?

చేయించుకోవచ్చు. నేను ఒంగోలులో ఇరవై ఏళ్లకు పైగా ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతున్నాను. ఇలాంటివి చేశాను, చెడగొట్టాను, మళ్లీ చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీరు రాసిన రెండు పైపులు ఒకదానిలో ఒకటి పట్టవు, మీరు అడిగిన సాగుడంతా ఒకే పైపు మీద పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ వస్తువు బలం పైపులో కంటే లోపలి పైపు బయటి పైపులోకి ఎంత లోతు దిగి ఉంది, అక్కడ ఎంత వదులుంది అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

నా మొదటి తప్పు అక్కడే జరిగింది. కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా కడుతున్న మూడంతస్తుల ఇంటి పనికి నలభై పైపులు చేసి ఇచ్చాను. బయట 48.3 మిల్లీమీటర్ల పైపు, లోపల సులువుగా జారుతుందని 33.7 మిల్లీమీటర్ల పైపు, పూర్తిగా సాగినప్పుడు లోపల మిగిలేది 150 మిల్లీమీటర్లు మాత్రమే. రెండో వారంలో, మధ్యాహ్నం గాలి తిరిగిన వేళ, పరంజా ఊగుతోందని ప్లాస్టరింగు మనుషులు దిగి వచ్చేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెళ్లి చూస్తే అతుకు దగ్గర పైపులు మోకాలు మడిచినట్టు పక్కకు ఒరిగి ఉన్నాయి. ఒకటి విప్పి చేతిలోకి తీసుకున్నాను. గుండ్రంగా ఉండవలసిన పిన్ను రంధ్రం చింతగింజలా సాగిపోయి ఉంది, అందులో నేనిచ్చిన పిన్నుకు బదులు 8 మిల్లీమీటర్ల ఇనుప చువ్వ ముక్క వంచి దూర్చి ఉంది. ఆ చువ్వ పెట్టిన కూలీని తప్పుపట్టడం నాకు న్యాయం అనిపించలేదు. పిన్నును పైపుకు గొలుసుతో కట్టకుండా విడిగా సంచిలో వేసి పంపింది నేనే. నలభై పైపులూ వెనక్కి తెచ్చి కోసేశాను.

ఇక కొలతలు. 40 ఎన్‌బీ మీడియం పైపు వెలుపలి వ్యాసం 48.3, గోడ మందం 3.2, కాబట్టి లోపలి ఖాళీ 41.9 మిల్లీమీటర్లు. 32 ఎన్‌బీ పైపు వెలుపలి వ్యాసమే 42.4, అది పట్టే ప్రశ్నే లేదు. 2.9 మందం ఉన్న లైట్ రకం తీసుకుంటే ఖాళీ 42.5 అవుతుంది. కాగితం మీద పదో వంతు మిల్లీమీటరు తేడాతో పట్టినట్టే కనిపిస్తుంది గానీ, వెల్డింగుతో తయారయ్యే పైపు లోపల పొడవునా ఒక అతుకు గీత పొంగి ఉంటుంది, అది జారనివ్వదు. వేలు పెట్టి తడిమి చూడండి, తెలుస్తుంది. నేను ఇప్పుడు వాడేది 38.1 మిల్లీమీటర్ల, అంటే ఒకటిన్నర అంగుళం గొట్టం. దాన్ని 3.2 మిల్లీమీటర్ల మందంలో కావాలని చెప్పి తెప్పించుకోవాలి. కుర్చీలు, మంచాలు చేసే షాపుల్లో అదే సైజులో దొరికేది పల్చటి రకం, చూపుకు తేడా తెలియదు. వెర్నియర్ పెట్టి కొలవకుండా ఒక్క పొడవు కూడా దించుకోవద్దు.

38.1 గొట్టం వేసినా మొత్తం 3.8 మిల్లీమీటర్ల వదులు ఉంటుంది. వదులును లోపల దిగిన పొడవుతో భాగిస్తే అతుకు దగ్గర ఎంత కోణం వంగుతుందో వస్తుంది. నా పాత పైపుల్లో 8.2 మిల్లీమీటర్ల వదులు, 150 మిల్లీమీటర్ల దిగుడు, 2.2 మీటర్ల పొడవు మీద నడుమ దాదాపు 30 మిల్లీమీటర్లు పక్కకు జరిగినట్టు లెక్క తేలుతుంది. అంటే భారం పడకముందే పైపు వంగి ఉంది, నొక్కుడు రాగానే ఆ వంపు పెరుగుతూ పోయింది. ఇప్పటి కొలతల్లో 400 మిల్లీమీటర్ల దిగుడు ఉంచితే 2.4 మీటర్ల పైపుకు అదే వంపు 6 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది.

దాన్ని ఇంకా తగ్గించడానికి నేను చేసే ఏర్పాటు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు ఇదేనని నా నమ్మకం. లోపలి గొట్టం అడుగు కొసన ఒక రింగు, అక్కడి నుంచి 400 మిల్లీమీటర్ల పైన ఇంకొక రింగు, రెండూ బయటి పైపు లోపలి ఖాళీకి ఒక్క మిల్లీమీటరు తక్కువగా లేత్ మీద తీయించి వెల్డు చేస్తాను. బయటి పైపు మూతికి లోపలి వైపు మూడో రింగు ఉంటుంది. పైపును సాగదీస్తూ పోతే పై రింగు వచ్చి మూతి రింగుకు తగిలి ఆగిపోతుంది, అప్పటికి ఇంకా 400 మిల్లీమీటర్లు లోపలే ఉంటుంది. ఎంత తొందరలో ఉన్న మనిషైనా దాన్ని దాటి లాగలేడు. "ఇంతకంటే లాగకండి" అని రంగుతో గీసిన గీత సిమెంటు పాలు పడితే రెండు రోజుల్లో కనపడదు, రింగు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అవే రింగులు వదులును కూడా ఒక మిల్లీమీటరుకు తెస్తాయి కాబట్టి నడిమి వంపు ఒకటిన్నర మిల్లీమీటరుకు పడిపోతుంది. పైపు లోపలి అతుకు గీత కోసం ప్రతి రింగులోనూ ఒక చిన్న గాడి తీయించాలి. ఆ గాడి గీత మీద నడుస్తుంది కాబట్టి లోపలి గొట్టం గుండ్రంగా తిరగదు, రెండు పైపుల రంధ్రాలు ఎప్పుడూ ఎదురెదురుగానే నిలుస్తాయి. పైన నిలబడి రంధ్రం వెతుక్కునే మనిషికి ఇది ఎంత మేలో చెప్పలేను.

ఒకే పైపు 1.5 నుంచి 3 మీటర్ల దాకా ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చూడండి. నొక్కుడు భారానికి పొడవాటి సన్నని పైపు చితికిపోదు, నడుము వంగిపోతుంది. ఆ వంగే భారం పొడవు వర్గానికి విలోమంగా ఉంటుందన్నది ఆయిలర్ సూత్రం. జాగ్రత్త కోసం పొడవంతా సన్న గొట్టమే అనుకుని లెక్కిస్తే 1.5 మీటర్ల దగ్గర 47 కిలోన్యూటన్లు (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు నూరు కిలోల బరువు), 2.4 దగ్గర 18.5, 3 మీటర్ల దగ్గర 12 కిలోన్యూటన్ల లోపు వస్తుంది. పొడవు రెట్టింపు అయ్యేసరికి బలం నాలుగో వంతుకు పడిపోయింది, చూసే మనిషికి మాత్రం అది అదే పైపు. ఉక్కు నిర్మాణాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800 కోడ్ సాధారణ భారాల నొక్కుడు మోసే కడ్డీకి స్లెండర్‌నెస్ నిష్పత్తి (పొడవుతో పోలిస్తే కడ్డీ ఎంత సన్నమో చెప్పే అంకె) 180 దాటకూడదంటుంది, కేవలం గాలి లేదా భూకంపం వల్ల నొక్కుడు వచ్చే వాటికి 250 దాకా ఒప్పుకుంటుంది. మన గొట్టం 2.4 మీటర్ల దగ్గర 194లో ఉంటుంది, 3 మీటర్ల దగ్గర 242కు చేరి ఆ 250 అంచున నిలుస్తుంది. అంచున నిలిచిన వస్తువును అద్దెకు పంపడానికి నాకు మనసొప్పదు.

కాబట్టి రెండు సైజులు చేయించండి. బే వెడల్పుకూ లిఫ్టు (పరంజాలో ఒక్కో వరస) ఎత్తుకూ కర్ణం లెక్కిస్తే 1.2కు 1.5 అయితే 1.92 మీటర్లు, 1.8కు 1.5 అయితే 2.34, 2.5కు 1.5 అయితే 2.92 వస్తుంది. చిన్నదానికి బయటి పైపు 1.4 మీటర్లు, లోపలి గొట్టం 1.4 మీటర్లు ఉంటే 1.5 నుంచి 2.4 దాకా సరిపోతుంది, బరువు కొసలు కాక 9 కిలోల లోపే. పెద్దదానికి బయట 60.3 మిల్లీమీటర్ల 50 ఎన్‌బీ, లోపల 48.3 మిల్లీమీటర్ల 40 ఎన్‌బీ వేసి దిగుడు 450 మిల్లీమీటర్లు ఉంచండి. అది 3.2 మీటర్ల దగ్గర కూడా 22 కిలోన్యూటన్లు చూపిస్తుంది. బరువు 16 కిలోలు దాటుతుంది, ఇద్దరు పట్టుకోవాలి. సెంట్రింగు జాకీల్లో కూడా ఈ జత తరచు కనిపిస్తుంది కాబట్టి పైపు దొరకడం కష్టం కాదు.

పొడవు సర్దడానికి మర (స్క్రూ) అమర్చాలా, పిన్ను సరిపోతుందా అంటే, మీ కప్‌లాక్‌కు పిన్ను చాలు. తిరిగే క్లాంపు నిలువు పైపు మీద కొంచెం పైకీ కిందికీ జరుగుతుంది గనుక 50 మిల్లీమీటర్లకు ఒక రంధ్రం వేస్తే సరిపోతుంది. క్లాంపు మాత్రం నిలువు, అడ్డ పైపులు కలిసే ముడికి జానెడు లోపే పట్టాలి. స్థిరమైన కొక్కేలున్న ఫ్రేము పరంజా అయితే బయటి పైపుకు 40 మిల్లీమీటర్ల దూరంలో ఐదు రంధ్రాలు, లోపలి గొట్టానికి 50 మిల్లీమీటర్ల దూరంలో రంధ్రాలు వేస్తే ప్రతి 10 మిల్లీమీటర్లకూ ఏదో ఒక జత ఎదురుపడుతుంది. మర అయితే ఇసుక, సిమెంటు, మన ఉప్పు గాలి కలిసి ఒక్క వర్షాకాలంలోనే పట్టేస్తుంది.

పిన్ను 12 మిల్లీమీటర్లది ఉండాలి. అది రెండు చోట్ల తెగాలి కాబట్టి మామూలు ఉక్కుదైనా 40 కిలోన్యూటన్ల దాకా తట్టుకుంటుంది. ముందు లొంగేది పైపు గోడ. రెండు గోడల మీద పిన్ను ఆనే వైశాల్యం 77 చదరపు మిల్లీమీటర్లు, 210 మెగాపాస్కల్ రకం పైపుకు అది 16 కిలోన్యూటన్ల దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. 8 మిల్లీమీటర్ల చువ్వ దూర్చితే ఆనే చోటు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది, పైగా 13 మిల్లీమీటర్ల రంధ్రంలో 5 మిల్లీమీటర్ల ఆట మిగులుతుంది. పరంజా అంత మేర కదిలాకే ఈ పైపు పని మొదలుపెడుతుంది, ప్రతి లిఫ్టులోనూ అంతే కదిలితే పై అంతస్తులో ఊగడం ఎంతో మీరే ఊహించండి. రంధ్రాలు గ్యాసుతో కొట్టించవద్దు. వీ ఆకారపు దిమ్మ మీద పెట్టి రెండు గోడలకూ ఒకే గీతలో డ్రిల్లు చేయించి, లోపలి పొక్కులు గీకించండి. పిన్ను గొలుసుతో పైపుకే కట్టి ఉండాలి.

కొసల విషయం. క్లాంపును పైపు పక్కకు వెల్డు చేస్తే భారం గొట్టం నడిమధ్య నుంచి పోదు. 50 మిల్లీమీటర్ల పక్క నుంచి 5 కిలోన్యూటన్లు పడినా ఆ వంపు ఒక్కటే చిన్న గొట్టంలో 88 మెగాపాస్కల్ ఒత్తిడి తెస్తుంది. కొసను చీల్చి, మధ్యలో పలక దూర్చి వెల్డు చేయించి, క్లాంపును ఆ పలకకు బోల్టుతో తగిలించండి.

హైదరాబాదు నమూనా సంగతికి వస్తే, భారాల ప్రమాణం ఐఎస్ 875లోని గాలి పటంలో హైదరాబాదుకు 44 మీటర్ల వేగం, నెల్లూరుకు సెకనుకు 50 మీటర్లు ఇచ్చారు. పీడనం వేగపు వర్గం మీద పెరుగుతుంది కాబట్టి మన దగ్గర అది దాదాపు 29 శాతం ఎక్కువ. తాత్కాలిక నిర్మాణాలకు కోడ్ కొంత తగ్గింపు ఇస్తుంది, అయితే ఆ తగ్గింపు రెండు చోట్లా ఉంటుంది గనుక తేడా కొంత తగ్గినా పూర్తిగా పోదు. పచ్చ వల కట్టిన పరంజా తెరచాపతో సమానం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే నా సామాను ఉన్న ప్రతి చోటికీ ఫోన్ చేసి వలలు విప్పించాను. ఇంకొక మాట తప్పక చెప్పాలి: బ్రేసింగు పైపు పరంజా ఆకారాన్ని నిలబెడుతుంది గానీ గోడకు కట్టే టైలకు అది బదులు కాదు. సాగే పైపులు వచ్చాయి కదా అని టైలు తగ్గించిన మేస్త్రీలను చూశాను, అద్దెకు ఇచ్చేటప్పుడే వారికి చెప్పండి.

తుమ్మలపెంట వైపు, రామాయపట్నం వైపు పనులకు పంపే ఉద్దేశం ఉంటే రెడాక్సైడ్ చాలదు. రెండు పైపుల మధ్య నిలిచిన నీరు లోపలి నుంచి తినేస్తుంది. బయటి పైపు అడుగున 8 మిల్లీమీటర్ల రంధ్రం వదలండి. వేడి జింకులో ముంచే పూత మంచిది, కానీ కూర్చకముందే విడివిడిగా ముంచాలి. రెండు కొసలూ మూసిన గొట్టాన్ని 450 డిగ్రీల జింకులో దింపితే లోపలి తేమ ఆవిరై గొట్టం పేలుతుంది, అందుకే గాలి రంధ్రం తప్పనిసరి. పూత అయ్యాక మూతి రింగును వెల్డు చేయకుండా రివెట్లతో బిగిస్తే జింకు కాలిపోదు.

ముందు నాలుగు మాత్రమే చేయించండి. పూర్తిగా సాగదీసి, క్లాంపులతో సహా, గేజి ఉన్న హైడ్రాలిక్ జాకీ కింద పెట్టి మీరు రాయదలచిన భారానికి ఒకటిన్నర రెట్లు నొక్కి, వదిలాక దారం లాగి వంపు చూడండి. నేను చిన్న పైపు మీద 5 కిలోన్యూటన్లే రాస్తాను, అంటే సుమారు అర టన్ను, 7.5 దాకా నొక్కి చూస్తాను. లెక్కల కాగితం మీద స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం తీసుకోండి. తిరిగి వచ్చిన ప్రతి పైపు రంధ్రాల్లో 13.5 మిల్లీమీటర్ల గేజి కడ్డీ దూర్చి చూస్తాం, అది దూరితే ఆ పైపును ఆ రోజే కోసేస్తాం. ఆ గేజి కడ్డీ షాపు గుమ్మం దగ్గర తాడుకు వేలాడుతూ ఉంటుంది. ఒంగోలు వచ్చినప్పుడు పాత పైపుల్లో ఒకటి తెస్తే ఇద్దరం కలిసి చూద్దాం.