గొంతులు తగ్గినా మా తమ్ముడు ఎవరితోనూ కలవడం లేదు; ఇది బద్ధకమేనా?

మందులు మొదలుపెట్టాక చెవిలో వినిపించే గొంతులు తగ్గాయని, అయినా మీ తమ్ముడు గది దాటి రావడం లేదని, ఇది జబ్బో బద్ధకమో తేల్చుకోలేకపోతున్నామని రాశారు. నేను వైద్యుణ్ణి కాను. స్కిజోఫ్రెనియా ఉన్న మా అన్నయ్యతో చాలా ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నవాణ్ణి. మీరు వర్ణించినది బద్ధకంలా కాక, జబ్బులో చుట్టాల కంటికి ఆనని భాగంలాగే నాకు కనిపిస్తోంది.

లేని మాటలు వినిపించడం, ఎవరో తన మీద కుట్ర పన్నుతున్నారని నమ్మడం అందరి కంటా పడతాయి. 1950ల నుంచి వాడుకలోకి వచ్చిన మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం ప్రభావాన్ని అదుపు చేసి ప్రధానంగా వీటినే తగ్గిస్తాయి. దేని మీదా ఆసక్తి లేకపోవడం, మాట పలచబడటం, విన్నదాన్ని కాసేపైనా మనసులో నిలుపుకోలేకపోవడం అంత తేలిగ్గా లొంగవు.

ఆమధ్య బంధువుల గృహప్రవేశంలో మా పెదనాన్నగారు అన్నయ్యను “ఏరా, ఇప్పుడేం చేస్తున్నావు?” అని అడిగి, జవాబు రాకపోయేసరికి పక్కవారితో స్థలాల ధరల్లోకి వెళ్లిపోయారు. చాలాసేపటికి, అందరూ వడ్డన గురించి మాట్లాడుకుంటుండగా, అన్నయ్య “మేడ మీద మొక్కలు పెంచుతున్నాను” అన్నాడు. విన్నవారు ముఖముఖాలు చూసుకున్నారు. అది సరైన జవాబే, కాకపోతే ఆలస్యంగా వచ్చింది.

నలుగురిలో మాట్లాడటమంటే, ఒకరి మాట వింటూ మిగిలినవారి గోలను పక్కకు నెట్టి, ఎదుటివారి ముఖం చూసి అది పరిహాసమో ఎత్తిపొడుపో పోల్చుకుని, ప్రశ్న మరిచిపోకముందే జవాబు కూర్చుకోవడం. ఈ జబ్బులో చాలామందికి ఈ పనులన్నీ నెమ్మదిస్తాయి. ఎదుటివారి మనసులో ఏముందో ఊహించడం తప్పుదారి పట్టినప్పుడు, పక్కింటాయన దగ్గు కూడా తనకోసం చేసిన సైగలా తోస్తుంది. అలాంటి మనిషికి గది క్షేమంగా అనిపించడంలో వింతేముంది?

మా ఇంట్లో అన్నయ్యతో ఒక్కసారి ఒక్కరే మాట్లాడతారు, ఒక ప్రశ్న అడిగి ఆగుతారు. బజారుకు పంపేటప్పుడు పాలు, కరివేపాకు, అగ్గిపెట్టె అని చెప్పి ఊరుకోకుండా చీటీ రాసిస్తాం. చీటీ ఉంటే అన్నీ తెస్తాడు. లండన్‌లో సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్ బృందం 1950, 60 దశకాల్లో చేసిన పరిశోధనల్లో, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాక విమర్శలు, విరోధభావం, అతిగా పట్టించుకోవడం ఉన్న కుటుంబాల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేలింది. ఆ మూడోది మన ఇళ్లలో ప్రేమ పేరుతో చలామణి అవుతుంది కాబట్టి, దాన్ని మానుకోవడమే అన్నిటికంటే కష్టం.

అయితే మందుల మోతాదు వల్ల వచ్చే మగతా, కుంగుబాటూ పైకి ఇలాగే కనిపిస్తాయి కనుక, సొంతంగా మందులు ఆపకుండా వైద్యుణ్ణి అడగండి. ఆయన గొంతుల గురించి మాత్రమే అడిగి ఊరుకుంటే, స్నానం, నిద్ర, రోజు మొత్తంలో ఎవరితో ఎంత మాట్లాడాడన్నది మీరే ఒక కాగితం మీద రాసి చూపించండి. సామాజిక నైపుణ్యాల శిక్షణ, ఏదైనా పని నేర్పే పునరావాస కేంద్రం దగ్గర్లో ఉన్నాయేమో కూడా అప్పుడే కనుక్కోండి. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇంటివారూ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.