దారి అడగండి: అమీర్‌పేటలో రైలు మారడం

ప్రశ్న: మా అబ్బాయికి హైదరాబాద్ హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. అమీర్‌పేటలో మెట్రో మారాలట, అక్కడ జనంలో దిక్కు తెలియదంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందు రైలు టికెట్ మీద చివరి స్టేషన్ ఏదో చూడండమ్మా. విశాఖ నుంచి వందేభారత్‌లో వెళ్ళి సికింద్రాబాద్‌లో దిగితే అసలు మారే పనే లేదు. దగ్గర్లోని సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రోలో నీలం లైను రాయదుర్గం రైలెక్కితే, అదే అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీకి పోతుంది. ఈ సంగతి తెలియక అమీర్‌పేటలో దిగిపోయి మెట్లెక్కి దిగేవాళ్ళు బోలెడు మంది. కొన్ని రైళ్ళను చర్లపల్లికి మళ్ళించారు. అక్కడ మెట్రో లేదు. బస్సో ఆటోనో పట్టుకుని ఉప్పల్ గానీ హబ్సిగూడ గానీ చేరి, అక్కడ ఇదే నీలం లైను ఎక్కాలి.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో చివరిదాకా, అంటే నాంపల్లి దాకా వెళ్తే మాత్రం మారక తప్పదు. నాంపల్లిలో ఎర్ర లైను, మియాపూర్ వైపు రైలు. అసెంబ్లీ, లక్డీకాపూల్, ఖైరతాబాద్, ఇర్రమ్ మంజిల్, పంజాగుట్ట దాటాక ఆరో స్టాపు అమీర్‌పేట. అక్కడ రెండు లైన్లూ ఒకదాని మీద ఒకటి, వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి. ప్లాట్‌ఫాం బోర్డు మీద హైటెక్ సిటీ కోసం వెతకొద్దు, లైను చివరి ఊరు చూడాలి. మీకు కావలసింది రాయదుర్గం. నాగోల్ వైపు ఎక్కితే మళ్ళీ సికింద్రాబాద్ దారి పడతారు. రాయదుర్గం రైల్లో ఎనిమిదో స్టాపు హైటెక్ సిటీ.

డబ్బు పోయేది టికెట్ దగ్గర. నాంపల్లిలోనే హైటెక్ సిటీకి నేరుగా తీసుకోవాలి. అమీర్‌పేట దాకా తీసుకుని, గేటు దాటి మళ్ళీ కొంటే ఎక్కువవుతుంది, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది. 2025 మే సవరణ తర్వాత టికెట్ 11 నుంచి 69 రూపాయల మధ్య ఉంది. రైలు మారేటప్పుడు గేటు బయటికి రావద్దు. ఫోన్లో క్యూఆర్ టికెట్ తీసుకుంటే దిగేదాకా ఛార్జింగ్ ఉండాలి, దిగే గేటు దగ్గర కూడా అది చూపాలి కదా.

ఉదయం ఆఫీసు వేళ నాగోల్ నుంచి వచ్చే రైళ్ళు అమీర్‌పేటకే నిండిపోయి ఉంటాయి. ఒక్కో రైలుకు మూడే పెట్టెలు మరి. రద్దీ గంటల్లో అమీర్‌పేట నుంచే రాయదుర్గానికి బయలుదేరే షార్ట్ లూప్ రైళ్ళు నడిపిన సందర్భాలున్నాయి. అలాంటిది ఉంటే రెండు నిమిషాలు ఆగి ఖాళీగా ఎక్కడం మేలు. పెద్ద సూట్‌కేసుతో మాత్రం ఆ వేళకు వద్దు.

ప్రశ్న: కోర్సు కోసం అమీర్‌పేటలోనే గది తీసుకోవాలా?
– ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: కోచింగ్ సెంటర్లు ఎక్కువగా మైత్రీవనం చుట్టూ ఉన్నాయి. అది అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ స్టేషన్ల మధ్య ఉంది కాబట్టి ఎస్ఆర్ నగర్‌లోనో బల్కంపేటలోనో ఉంటే నడిచిపోవచ్చు. కోర్సు అయ్యాక మాదాపూర్ వైపు ఉద్యోగాలు వెతుక్కునే ఆలోచన ఉంటే మధురానగర్, యూసఫ్‌గూడ చూడండి. నీలం లైన్లో అమీర్‌పేట తర్వాతి రెండు స్టాపులవే, రైలు మారనక్కరలేదు. హాస్టల్లో అడ్వాన్సు కట్టే ముందు ఖాళీ చేసేటప్పుడు ఎంత కోసుకుంటారో అడిగి, రసీదు మీద రాయించుకోండి. ట్యాంకర్ నీళ్ళా, నల్లా నీళ్ళా అన్నది వేసవిలో తెలుస్తుంది, ఇప్పుడే అడిగితే ఏం పోయింది?

ప్రశ్న: మన విశాఖ మెట్రో వస్తే ‘అమీర్‌పేట’ ఎక్కడవుతుంది?
– ఒక పాఠకుడు, డాబాగార్డెన్స్

జవాబు: తొలి దశ ప్రణాళికలో మూడు లైన్లు, 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు ఉన్నాయి. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లది పెద్దది. గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసుకు 5.08, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకు 6.75 కిలోమీటర్లు. పెద్ద లైనుతో చిన్నవి కలిసేది గురుద్వారా, తాటిచెట్లపాలెం దగ్గర. చిన్నవి రెండూ ఒకదాన్నొకటి కలిసేది ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర. మా లెక్కలో జనం కిక్కిరిసేది కాంప్లెక్సులోనే, ఎందుకంటే బస్సు దిగినవాళ్ళు కూడా అక్కడే కలుస్తారు. గాజువాక, మధురవాడల నుంచి వచ్చి జగదాంబ వైపు పోయేవాళ్ళు మాత్రం గురుద్వారా దగ్గరే మారతారు. మెట్రో పేరు చెప్పి ఎవరైనా ప్లాటు అమ్మజూపితే, అది ఏ స్టేషన్‌కు ఎన్ని అడుగుల దూరమో నడిచి చూశాకే మాట్లాడండి.